పీసీఓడీ ప్యాకేజీ రిపోర్టు: టెస్టోస్టిరాన్ నార్మల్, ఇన్సులిన్ 16.8. ఇందులో ఏది లెక్కలోకి వస్తుంది?

సిరి_మారతహళ్లి (బెంగళూరు):

వయసు 26. ఎత్తు 158 సెం.మీ., బరువు 61 కిలోలు, నడుము 86 సెం.మీ. నెలసరి 45 నుంచి 60 రోజులకోసారి. పై పెదవి, గడ్డం, పొత్తికడుపు మీద ముదురు వెంట్రుకలు. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా ఉంది.

ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే ప్యాకేజీ చేయించాను. నెలసరి 3వ రోజు, ఉదయం 7 గంటలకు, పరగడుపున తీశారు. అంకెలు ఇవి:

టోటల్ టెస్టోస్టిరాన్ 46 (ల్యాబు హద్దు 48 లోపు, ఎన్‌జీ/డీఎల్)
ఎల్‌హెచ్ 11.2, ఎఫ్‌ఎస్‌హెచ్ 5.1 (అండాశయాన్ని నడిపే హార్మోన్లు)
ఏఎంహెచ్ 8.4 (అండాశయం చేసే హార్మోన్)
ప్రొలాక్టిన్ 31 (పాల హార్మోన్, హద్దు 25)
టీఎస్‌హెచ్ 3.1 (థైరాయిడ్ పరీక్ష)
ఫాస్టింగ్ షుగర్ 91, ఫాస్టింగ్ ఇన్సులిన్ 16.8
హెచ్‌బీఏ1సీ 5.8
హిమోగ్లోబిన్ 9.8

టెస్టోస్టిరాన్ హద్దులోనే ఉంది కదా, అయితే పీసీఓఎస్ (పీసీఓడీ అన్నా ఇదే, ఆండ్రోజెన్ అనే మగ హార్మోన్లు ఎక్కువై నెలసరి తప్పే సమస్య) కాదనుకోవాలా? ఎల్‌హెచ్ ఎఫ్‌ఎస్‌హెచ్‌కి రెట్టింపు దాటితే ఖాయమని ఎక్కడ చూసినా రాస్తున్నారు. ఫాస్టింగ్ బాగానే ఉంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) ఎందుకు 5.8 వచ్చింది? మళ్లీ చేయించాల్సినవి ఏవి, ఎలా చేయించాలి? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

బెంచి_బయోకెమ్:

ఎల్‌హెచ్–ఎఫ్‌ఎస్‌హెచ్ సంగతి ముందు తేల్చేద్దాం. ఆ నిష్పత్తి నిర్ధారణ కొలమానాల్లో లేదు. 2003 రాటర్‌డామ్ నిర్ణయాల్లోనూ లేదు, 2023 అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనూ లేదు. ఎల్‌హెచ్ విడతలు విడతలుగా ఊరుతుంది కాబట్టి అదే రోజు గంట తేడాతో తీసినా అంకె మారొచ్చు. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో, ముఖ్యంగా బరువు ఎక్కువున్నవాళ్లలో, అది రెట్టింపు ఉండదు. ప్యాకేజీల్లో మాత్రం పాత అలవాటుగా కొనసాగుతోంది.

ఇక టెస్టోస్టిరాన్. టోటల్ అంటే రక్తంలో ఉన్నదంతా. అందులో ఎక్కువ భాగం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌కి గట్టిగా అతుక్కుని ఉంటుంది, అది పని చేయదు. వెంట్రుకల కుదురు మీద పని చేసేది విడిగా తిరిగే కొద్ది భాగమే. ఆ ఎస్‌హెచ్‌బీజీని తయారుచేసేది కాలేయం. ఇన్సులిన్ ఎక్కువైతే కాలేయం దాని తయారీ తగ్గిస్తుంది. అదే ఇన్సులిన్, ఎల్‌హెచ్‌తో కలిసి అండాశయంలోని థీకా కణాల చేత ఆండ్రోజెన్ ఎక్కువ చేయిస్తుంది. అంటే ఒక చేత్తో సరుకు పెంచుతుంది, రెండో చేత్తో దాన్ని కట్టేసే తాడు తీసేస్తుంది. మీ ప్యాకేజీలో తాడు కొలవలేదు.

లెక్క చేసి చూపిస్తా. 46ని 28.84తో భాగిస్తే 1.6 నానోమోల్/లీటర్. దాన్ని ఎస్‌హెచ్‌బీజీతో భాగించి 100తో గుణిస్తే ఫ్రీ ఆండ్రోజెన్ ఇండెక్స్. ఎస్‌హెచ్‌బీజీ 60 ఉన్న మనిషికి ఇది 2.7. ఎస్‌హెచ్‌బీజీ 21 ఉంటే 7.6. టోటల్ ఇద్దరికీ 46 అయినా, వెంట్రుకల కుదురుకి అందేది ఒకటి కాదు. 5 దాటితే ఎక్కువ అనడం చాలాచోట్ల వాడుక, కానీ మీ ల్యాబు హద్దే చూడాలి. కాబట్టి టోటల్‌తో పాటు ఎస్‌హెచ్‌బీజీ రాయించుకోండి.

ఇంకో చిక్కు ఉంది. మామూలు ఇమ్యునోఎస్సే (యాంటీబాడీలతో కొలిచే) మెషిన్లు మగవాళ్ల వందల అంకెలకు బాగా పనిచేస్తాయి, ఆడవాళ్ల 20–60 మధ్య అంకెల్లో తడబడతాయి. ఎల్‌సీ–ఎంఎస్/ఎంఎస్ (అణువుని దాని బరువుతో గుర్తుపట్టే) పద్ధతిలో చేసినది నమ్మకమైనది. శాంపిల్ ఇచ్చే ముందే ఫోన్ చేసి 'టెస్టోస్టిరాన్ ఏ పద్ధతిలో చేస్తారు' అని అడగండి. ఫోన్ ఎత్తినవాళ్లు నీళ్లు నమిలితే టెస్ట్ కోడ్ చూసి చెప్పమనండి, అందులో రాసి ఉంటుంది. నేరుగా కొలిచే 'ఫ్రీ టెస్టోస్టిరాన్' కిట్లకు మాత్రం డబ్బు పెట్టొద్దు. లెక్క కట్టినదే మేలు.

ఫాస్టింగ్ షుగర్ ఏ ట్యూబులో తీశారో గుర్తుందా? బూడిద రంగు మూత అయితే అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, చక్కెర తరగకుండా చాలావరకు ఆపుతుంది. వేరే ట్యూబులో తీసి, రక్తకణాల్ని వేరు చేయకుండా అలాగే ఉంచితే అవి చక్కెర తింటూనే ఉంటాయి, గంటకు 5–7 శాతం దాకా పోతుంది. మారతహళ్లిలో 7కి తీసి, నాలుగిళ్లు తిరిగి, రింగురోడ్డు ట్రాఫిక్ దాటుకుని ల్యాబు చేరేసరికి ఎంతవుతుందో మీకే తెలుసు. 98 కాస్తా 91 అయి కూర్చోవచ్చు.

ఓపీ_ఎండో:

పైన చెప్పినదానికి జోడింపు. నిర్ధారణకు మూడింటిలో రెండు చాలు: నెలసరి/అండం విడుదల లోపం, ఆండ్రోజెన్ ఎక్కువైన గుర్తులు (ఒంటి మీదైనా రక్తంలోనైనా), స్కానులో అండాశయాల తీరు (లేదా పెద్దవాళ్లలో దాని బదులు ఏఎంహెచ్). నెలసరి 35 రోజులు దాటుతోంది, ముదురు వెంట్రుకలు ఉన్నాయి. వెంట్రుకల్ని 9 చోట్ల 0 నుంచి 4 వరకు మార్కులేసి కలుపుతారు, 4–6 దాటితే ఎక్కువ కిందే లెక్క. అది డాక్టరు చూసి వేయాలి, వ్యాక్సింగ్‌కి 4 వారాల విరామం ఇచ్చి వెళ్లండి. ఆ మార్కు దాటితే, మిగతా కారణాలు లేవని తేలాక, స్కానూ ఏఎంహెచ్ రెండూ అక్కర్లేదు. ప్యాకేజీలో ఖరీదైన ముక్క ఏఎంహెచ్చే, మీ విషయంలో దాని అవసరం అంతగా లేదు.

స్కాను చేయించినా 'బల్కీ ఓవరీస్' (అండాశయాలు పెద్దగా ఉన్నాయి) అన్న మాటతో తృప్తి పడొద్దు. ఒక్కో అండాశయంలో ఎన్ని ఫాలికిల్స్ (అండం పెరిగే చిన్న సంచులు), ఘనపరిమాణం ఎన్ని మి.లీ. అని రాయాలి. 20 ఫాలికిల్స్ లేదా 10 మి.లీ. దాటడం కొలమానం. పొట్ట మీద నుంచి చేసే స్కానులో ఫాలికిల్స్ లెక్క సరిగా రాదు, అప్పుడు ఘనపరిమాణమే చూస్తారు. ఇక్కడ ఇంటర్, డిగ్రీ పిల్లల రిపోర్టులు పెట్టి అడిగేవాళ్లకు ఒక మాట: మొదటి నెలసరి తర్వాత 8 ఏళ్లు నిండేవరకు నిర్ధారణకు స్కాను వాడకూడదు. ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ అలాగే కనబడుతుంది. ఏఎంహెచ్ కూడా వాళ్లకు వద్దు.

మిగతా కారణాలు అన్నాను కదా. టీఎస్‌హెచ్ బాగానే ఉంది. మీ జాబితాలో 17-ఓహెచ్ ప్రొజెస్టిరాన్ లేదు. పుట్టుకతో అడ్రినల్ గ్రంథిలో ఉండే ఒక ఎంజైమ్ లోపం అచ్చం పీసీఓఎస్‌లాగే కనిపిస్తుంది, దాన్ని వేరుచేసే పరీక్ష ఇది. నెలసరి మొదటి రోజుల్లో, పొద్దున్నే తీయాలి. 200 ఎన్‌జీ/డీఎల్ లోపుంటే ఆ లోపం దాదాపు లేనట్టే. దాటితే ఏసీటీహెచ్ (అడ్రినల్‌ని పని చేయించే హార్మోన్) ఇంజెక్షన్ ఇచ్చి గంట తర్వాత మళ్లీ చూస్తారు. నెలసరి రెండో సగంలో తీస్తే ఎవరికైనా పెరుగుతుంది, అనవసరంగా కంగారు. టెస్టోస్టిరాన్ 150–200 దాటినా, డీహెచ్‌ఈఏఎస్ (అడ్రినల్ చేసే ఆండ్రోజెన్) 700 దాటినా, వెంట్రుకలు కొన్ని నెలల్లోనే విపరీతంగా పెరిగినా, గొంతు మారినా దారి వేరు. అప్పుడు కణితి ఉందేమో వెతకాలి, అది ఆగే పని కాదు.

హెచ్‌బీఏ1సీ 5.8ని హిమోగ్లోబిన్ 9.8 పక్కన పెట్టి చదవండి. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే ఎర్రకణాలు ఎక్కువ రోజులు తిరుగుతాయి, హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. తలసీమియా మైనర్ లాంటివైతే తక్కువ చూపించవచ్చు. రెండు వైపులా మోసపోవచ్చు కాబట్టి మీకు ఆ అంకె చెల్లదు. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చేయించి, లోపం ఉంటే సరిచేసి, మూడు నెలలు దాటాక మళ్లీ చూడండి.

మీకు అసలు కావలసింది జీటీటీ, అంటే గ్లూకోజు తాగించి 2 గంటల తర్వాత చక్కెర చూసే పరీక్ష. పీసీఓఎస్‌లో ఫాస్టింగ్ మామూలుగా ఉండి 2 గంటల అంకె మాత్రమే పెరగడం తరచుగా కనబడుతుంది. అందుకే బరువు ఎంతున్నా సరే, తెలిసినప్పుడు ఒకసారి, తర్వాత 1–3 ఏళ్లకోసారి 75 గ్రాముల జీటీటీ చేయమంటారు. గర్భం అనుకుంటే ముందే చేయించుకోవాలి, గర్భంలో 24–28 వారాలకు మళ్లీ. దీన్ని ప్యాకేజీలో పెట్టరు. రెండు గంటలు మనిషిని కూర్చోబెట్టాలి కదా, ఇంటికొచ్చి తీసేవాళ్లకు కుదరదు.

ఇన్సులిన్ 16.8తో హోమా (ఇన్సులిన్ నిరోధం అంచనా) లెక్క కడతారు: 91 × 16.8 ÷ 405 = 3.8. ఇన్సులిన్ పనికి నిరోధం ఉందని సూచిస్తోంది, నిజమే. కానీ ఇన్సులిన్ పరీక్ష మెషిన్ మెషిన్‌కీ మారుతుంది, అందరూ ఒప్పుకున్న హద్దు లేదు. చికిత్స ఈ అంకె మీద ఆధారపడదు కాబట్టి మార్గదర్శకాలు దాన్ని మామూలుగా చేయించమనవు. మెడ వెనక నలుపు, నడుము 86 ఆ మాట ముందే చెప్పేశాయి. మన దేశపు ఆడవాళ్లకు నడుము హద్దు 80. బీఎంఐ 24.4 అంటే విదేశీ పట్టికలో నార్మల్, మన పట్టికలో 23 దాటితే చాలు, ఎక్కువ కిందే లెక్క.

సిరి_మారతహళ్లి:

చాలా థాంక్సండి. రెండు విషయాలు రాయడం మర్చిపోయాను. జుట్టు రాలుతోందని బయోటిన్ 10,000 మైక్రోగ్రాముల మాత్ర రోజూ ఒకటి. గ్యాస్‌కి పాంటాప్రజోల్–డోంపెరిడోన్ కాప్సూల్ వారంలో నాలుగు రోజులైనా పడుతుంది. వీటివల్ల తేడా ఉంటుందా? జీటీటీ ఎలా చేయించుకోవాలో కూడా చెప్పగలరా? మా ఏరియా ల్యాబులో 'ఖాలీ హొట్టెలో (ఖాళీ కడుపుతో) రండి' అని తప్ప ఏమీ చెప్పలేదు.

బెంచి_బయోకెమ్:

మొదటి పోస్టులోనే బయోటిన్ అడగాల్సింది, నా పొరపాటు. 10,000 మైక్రోగ్రాములంటే 10 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు.

చాలా హార్మోన్ కిట్లు బయోటిన్–స్ట్రెప్టావిడిన్ అనే జిగురు మీద నడుస్తాయి. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే ఆ జిగురంతా దానికే పోతుంది. టెస్టోస్టిరాన్ లాంటి చిన్న అణువుల పరీక్షలో అంకె ఉన్నదానికన్నా పెరుగుతుంది. ఎస్‌హెచ్‌బీజీ, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్, ఏఎంహెచ్, ఇన్సులిన్ లాంటి పెద్దవాటిలో తగ్గుతుంది. ఇప్పుడు చూడండి, పైన నేను చెప్పిన ఇండెక్స్‌లో పైది పెరిగి కిందిది తగ్గితే లెక్క రెండింతలు తప్పుతుంది, లేని రోగం కూడా కనబడుతుంది. మీ 46 నిజంగా 46 కాకపోవచ్చు, ఇన్సులిన్ 16.8 ఇంకా ఎక్కువే కావచ్చు. అన్ని మెషిన్లూ ఇలా ఉండవు, కొత్త కిట్లు తట్టుకుంటాయి. కానీ ఏ మెషినో తెలుసుకోవడం కన్నా మాత్ర ఆపడం సులువు. కనీసం 3 రోజులు, వారం ఆపితే ఇంకా నిశ్చింత. జుట్టు మాత్రలు, గమ్మీలు, 'స్కిన్ అండ్ నెయిల్' పొడులు అన్నిటి లేబుల్ చూడండి. షుగర్, హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీలకు దీంతో సంబంధం లేదు.

డోంపెరిడోన్ ప్రొలాక్టిన్‌ని పెంచుతుంది. ఆ మందు పనిచేసే తీరే అంత, డోపమైన్‌ని అడ్డుకుంటుంది. 31కి అదే కారణం అయ్యుండొచ్చు. డాక్టరుకు చెప్పి ఆ కాప్సూల్ బదులు డోంపెరిడోన్ లేనిది రాయించుకోండి. మళ్లీ తీసేటప్పుడు నిద్రలేచిన రెండు గంటల తర్వాత, పది నిమిషాలు కుదురుగా కూర్చున్నాక ఇవ్వండి. 7 గంటలకు బెల్లు కొట్టి మంచం మీద నుంచి లేపి తీసిన ప్రొలాక్టిన్ నమ్మదగింది కాదు. అప్పటికీ ఎక్కువుంటే మాక్రోప్రొలాక్టిన్ (అంతగా పని చేయని పెద్ద అణువుల రకం) చూడమనండి. ఎంఆర్ఐ మాట ఆ తర్వాతే.

గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆండ్రోజెన్ పరీక్షలకు అర్థం ఉండదు. అవి ఎస్‌హెచ్‌బీజీని బాగా పెంచేస్తాయి. కనీసం 3 నెలలు ఆపాకే తీయాలి, ఆ మూడు నెలలూ వేరే జాగ్రత్త ఉండాలి.

జీటీటీ సంగతి. ముందు మూడు రోజులు మామూలు తిండి తినండి, పిండిపదార్థం రోజుకు 150 గ్రాములకు తగ్గకుండా. పరీక్ష ఉందని అన్నం మానేసి, కీటో చేసి వెళ్తే 2 గంటల అంకె తప్పుడుగా పెరుగుతుంది. 'బాగా రావాలని' చేసే ఈ పని సరిగ్గా ఎదురు తిరుగుతుంది. 8 నుంచి 12 గంటల పరగడుపు. నీళ్లు తాగొచ్చు. ఫిల్టర్ కాఫీ వద్దు, చక్కెర లేకుండా కూడా వద్దు. జ్వరం, జలుబు ఉంటే వాయిదా వేయండి.

గ్లూకోజు దగ్గరే ఎక్కువ పొరపాట్లు. 75 గ్రాములన్నది నీరులేని గ్లూకోజు లెక్క. మందుల షాపు పొడి ఎక్కువగా మోనోహైడ్రేట్ రకం, దాన్నైతే 82.5 గ్రాములు వేయాలి. చెంచాలతో కొలిచేవాళ్లని చూస్తే వెనక్కి వచ్చేయండి. 250–300 మి.లీ. నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగాలి. వెగటుగా ఉంటే అర చెక్క నిమ్మరసం పిండుకోవచ్చు. మొదటి గుక్క నుంచే గడియారం మొదలు, ఫోనులో 120 నిమిషాలు పెట్టుకోండి. మధ్యలో కూర్చునే ఉండాలి. నడక, మెట్లు, 'ఈలోపు సిల్క్‌బోర్డు దాకా వెళ్లొస్తా' కుదరవు. నడిస్తే కండరాలు చక్కెర లాగేసి అంకె తగ్గుతుంది. వాంతైతే ఆ రోజుకి రద్దు. రెండు శాంపిళ్లూ బూడిద మూత ట్యూబులోనే. ఇడ్లీ తిన్నాక తీసే పీపీ దీనికి బదులు కాదు.

2 గంటలకు 140 లోపు మామూలు, 140–199 ముందస్తు దశ, 200 ఆపైన డయాబెటిస్. లక్షణాలేమీ లేకుండా ఒక్క అంకే ఎక్కువొస్తే ఇంకో పరీక్షతో ఖాయం చేస్తారు.

హార్మోన్ల శాంపిల్ నెలసరి 2–4 రోజుల్లో. 60 రోజులైనా రాకపోతే ఎదురుచూడొద్దు, ఏ రోజైనా తీయించి దానితో ప్రొజెస్టిరాన్ కూడా చేయించండి. అది తక్కువుంటే నెలసరి రెండో సగం కాదని అర్థం, మిగతావి చదవొచ్చు.

కుందలహళ్లి_డైట్:

తిండి గురించి ఎవరూ అడగలేదు కానీ మారతహళ్లి అని చూశాక రాయకుండా ఉండలేకపోయా. ఇక్కడి ఆంధ్రా పీజీల మెనూ అంతా అన్నం చుట్టూ తిరుగుతుంది. పప్పు నీళ్లలా ఉంటుంది, కూర బంగాళదుంప, రాత్రి తిండి తొమ్మిదిన్నరకి.

పీసీఓఎస్‌కి ప్రత్యేకమైన ఆహారం అంటూ ఏదీ మిగతావాటికన్నా మేలని తేలలేదు. ఎక్కువ కాలం పాటించగలిగేది మంచిది. సిరి గారి బరువుకి రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ పెట్టుకుంటే ఉదయం 2 గుడ్లు (12), మధ్యాహ్నం 30 గ్రాముల పచ్చిపప్పుతో గట్టి పప్పు (7), పెరుగు 150 గ్రాములు (5), సాయంత్రం వేయించిన శెనగలు గుప్పెడు (6), రాత్రి 100 గ్రాముల చికెన్ (20) లేదా పన్నీర్ (18). మిగతా పది అన్నం, ఇడ్లీల్లో వచ్చేస్తుంది. పీజీ వంటావిడని బతిమాలే పని లేకుండా ఎలక్ట్రిక్ కెటిల్‌లోనే గుడ్లు ఉడుకుతాయి.

రాగిముద్ద ఎంత తిన్నా ఫర్వాలేదని ఒక నమ్మకం ఉంది. ముద్దకు 80 గ్రాముల పిండి పడితే పిండిపదార్థం 50 గ్రాముల పైనే. పీచు, కాల్షియం ఎక్కువ, అది నిజం. కానీ రెండు ముద్దలు తిని, పైన అన్నం కూడా పెట్టుకుంటే లెక్క మారదు.

వ్యాయామం వారానికి 150–300 నిమిషాలు మోస్తరుగా, పైగా బరువులతో పని వారంలో 2 రోజులు, పక్కపక్క రోజులు కాకుండా. చాలామంది నడక దగ్గరే ఆగిపోతారు. తిన్న చక్కెరలో ఎక్కువ భాగం వెళ్లేది కండరాల్లోకి కాబట్టి తొడలు, పిరుదుల కండరం పెరగాలి. బరువు 5 శాతం తగ్గితే, అంటే మీకు 3 కిలోలు, నెలసరిలో తేడా కనబడొచ్చు. తగ్గకపోయినా వ్యాయామం వృథా కాదు, బరువు కదలకుండానే ఇన్సులిన్ పని మెరుగవుతుంది. పీసీఓఎస్‌కి అమ్మే ఇనోసిటాల్ సాచెట్ల గురించి అడుగుతారని తెలుసు. హాని తక్కువే, ఆధారమూ తక్కువే. నెలకు దాని మీద పెట్టే డబ్బు గుడ్ల మీద పెట్టమంటాను.

సిరి_మారతహళ్లి:

బయోటిన్ ఈ రోజే ఆపేశాను. ఇంకొక్కటి. మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) వెంటనే మొదలుపెట్టాలా, జీటీటీ దాకా ఆగాలా?

ఓపీ_ఎండో:

జీటీటీ ముందు చేయించండి. మందు మొదలైతే అంకె మారుతుంది, తర్వాత అసలు ఎక్కడున్నారో తెలియదు. మందు అవసరమా కాదా అన్నది మిమ్మల్ని చూసే డాక్టరు తేల్చాలి, కాబట్టి ఇక్కడ వివరాలు మాత్రమే. చక్కెర, నడుము వైపు సమస్యకు మెట్‌ఫార్మిన్. నెలసరి క్రమానికి, వెంట్రుకలకు గర్భనిరోధక మాత్రలు, అవి రాసేముందు బీపీ, రక్తం గడ్డకట్టిన చరిత్ర, మైగ్రేన్ అడగాలి. 35 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్‌తో సైప్రోటిరోన్ కలిసినవి మొదటి ఎంపిక కాదు, రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. వెంట్రుకలు ఏ మందుకైనా కనీసం 6 నెలలు తీసుకుంటాయి. రెండు నెలలకే మందు మార్చేస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

మెట్‌ఫార్మిన్‌తో గోల అంతా మొదటి నెలే. 500 మి.గ్రా. రాత్రి భోజనంతో మొదలు, వారం రెండు వారాలకో 500 పెంచుతూ పోవాలి. ఒకేసారి 1000 ఇస్తే విరేచనాలు పట్టుకుని మానేస్తారు. నిదానంగా విడుదలయ్యే రకం కడుపుకి తేలిక. ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), తర్వాత ఏడాదికోసారి బీ12, శాకాహారులైతే తప్పనిసరి. అండం విడుదల మళ్లీ మొదలవ్వొచ్చు, 'నాకు పీసీఓడీ కదా, గర్భం రాదులే' అనుకోవద్దు.

మీరు 45–60 రోజులకు అవుతున్నారు కాబట్టి గర్భసంచి పొరకు ఇప్పటికి కంగారు లేదు. 90 రోజులు దాటితే మాత్రం గర్భం లేదని చూసుకుని, ప్రొజెస్టిరాన్ మాత్రలతో రప్పించాలి. రాకుండా ఏళ్లు వదిలేస్తే పొర మందమై క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

ఓపీకి వచ్చేటప్పుడు గత ఆరు నెలల నెలసరి తేదీలు, వేసుకునే ప్రతి మాత్ర స్ట్రిప్పు తెచ్చుకోండి. రక్తం ఇచ్చే రోజే లిపిడ్ ప్రొఫైల్, ఏఎల్‌టీ (కాలేయ పరీక్ష), ఫెరిటిన్ కూడా రాయించుకుంటే ఇంకోసారి సూది తప్పుతుంది. ట్రైగ్లిజరైడ్స్ 150 దాటాయేమో, హెచ్‌డీఎల్ 50 కన్నా తగ్గిందేమో చూడాలి. గురక, పగటి నిద్ర ఉంటే అదీ చెప్పండి. బీపీ ఎవరూ చూడలేదని మీ పోస్టు చూస్తే అర్థమైంది, ఎక్కడా ఆ అంకె లేదు.